పొడుగుతోక

మా దీవిలో పిల్లికి తోక లేదు. పిల్లి తరిమేదానికి పేరు లేదు. తోక లేని పిల్లిని చూడ్డానికి జనం ఓడలెక్కి వస్తారు. పేరు లేనిదాన్ని చూడ్డానికి ఎవరూ రారు కాబట్టి అదే వస్తుంది, రేవుకు కట్టిన ప్రతి పడవ తాడు మీద నడుచుకుంటూ.

పేరు లేదంటే అసలు లేదని కాదు, ఉన్నా ఎవరూ అనరు. మమ్మల్నేలే ఏలిక పేరు ఎన్నిసార్లయినా ఎత్తొచ్చు, కొందరు తిట్టడానికే ఎత్తుతారు కూడా. ఆ ఏలికకు దీర్ఘం పీకేసి, నడుమనున్న గుడి తీసి కొమ్ము పెడితే ఏమొస్తుందో చూడండి, దాని పేరు మాత్రం ఎత్తకూడదు. పొడుగుతోక అంటాం. తెలియనివాడెవడైనా నోరుజారి అసలు పేరు అనేశాడా, దగ్గరున్న చెక్కను ముట్టుకుని ఓ ఈల వేస్తాం. బ్యాంకు మేనేజరూ వేస్తాడు, ప్రార్థన ఆపి పాస్టరుగారూ వేస్తారు. నమ్మకమా అని అడిగితే అందరం నవ్వేస్తాం. నవ్వుతూనే చెక్క కోసం వెతుక్కుంటాం.

నా పేరు కోరిన్. కోరినవేవీ దొరక్కపోయినా పేరు మార్చుకోలేదు. మాంక్స్ భాష నేర్పే మాస్టర్ని. దీవి పేరు మాన్, భాష పేరు మాంక్స్, మా వాళ్ళు చేసిన పని మానెయ్యడం. మా ముత్తాత బళ్ళో దెబ్బలు తిని మానేశాడు. మా తాత, తండ్రి మానేశాడు కదా అని మానేశాడు. మా నాన్నకు మానెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు గవర్నమెంటువారు మళ్ళీ నేర్పమని నాకు జీతమిస్తున్నారు, వారానికి బడికో అరగంట చొప్పున. అరగంటలో ఏ భాషయినా ఎలా అరుగుతుంది? బస్సు దిగి, పిల్లల్ని పోగేసి, ముక్కులు తుడిచేసరికి పావు పోతుంది. మిగిలిన పావులో రెండు వేల ఏళ్ళ భాషను బతికించాలి.

పలుకుబడి అంటే పలుకు ఉన్న బడి అనుకుని ఉద్యోగంలో చేరాను. పీల్ రేవు దగ్గర ఒక బళ్ళో మా పలుకుకు ఇచ్చింది వ్యాయామం చాపలు పెట్టుకునే గది. చాపలు చుట్టి గోడకు నిలబెట్టి ఉండేవి. పిల్లలు వాటిని పరుచుకుని కూర్చునేవాళ్ళు, నేను చెక్క బల్లమీద. కిటికీలోంచి చేపలు పొగబెట్టే కొట్టం వాసన వచ్చేది. మధ్యాహ్నం ముందు క్లాసు కావడంతో ఆ వాసనకు నాకు భాషకంటే ఆకలి ఎక్కువ గుర్తొచ్చేది.

హెడ్ టీచర్ మిసెస్ కెర్మీన్ మంచి మనిషి. ఆవిడకు గదులు తక్కువ, కోరికలు ఎక్కువ. పిల్లనగ్రోవి నేర్పే క్లాసుకు చోటు లేక కారిడార్లో ఊదిస్తున్నారు, ఆ ఊదుడుకు పక్క క్లాసులవాళ్ళు ఉడికిపోతున్నారు. అందుకని మొదటే నాతో చెప్పారు: నా దగ్గర ఆరుగురుంటే గది నాది, తగ్గితే పిల్లనగ్రోవిది. న్యాయమే. నాకు సరిగ్గా ఆరుగురే. ఆరు ఉన్నంతవరకే మా దీపం ఆరదు, అయిదయితే ఆరినట్టే.

అయిదుగురు లెక్కలు ఎగ్గొట్టడానికి వచ్చేవాళ్ళు, ఎందుకంటే నా అరగంట లెక్కల పీరియడ్‌లోనే పడింది. భాషను లెక్కచేసింది ఆరో పిల్ల ఒక్కతే. పేరు ఈలిష్. ఎనిమిదేళ్ళుంటాయి, ముందు పళ్ళు రెండు లేవు, ఉన్న పళ్ళకంటే ఆ సందులోంచే మాంక్స్ బాగా పలికేది. గది దాటాక కూడా ఆ భాష మాట్లాడేది తనొక్కతే. మెట్లతో, కుక్కలతో, అన్నం వడ్డించే ఆవిడతో మాట్లాడేది. ఓసారి బస్‌స్టాపు దాకా నా వెంట వచ్చి, బస్సుక్కూడా వీడ్కోలు చెప్పింది.

మా భాషలో ఒక తమాషా ఉంది. అందులో 'అవును' లేదు. 'కాదు' లేదు. 'లేదు' కూడా లేదు. వస్తావా అంటే వస్తాననో రాననో అనాలి. తిన్నావా అంటే తిన్నాననో తినలేదనో ఆ క్రియనే తిప్పి చెప్పాలి. తలూపి తప్పించుకోవడానికి వీల్లేని భాష. దొంగలకు పనికిరాదు, పెళ్ళిళ్ళకు పనికొస్తుంది. ఇది చెప్పిన రోజు ఈలిష్, అయితే మాంక్స్‌లో అబద్ధం చెప్పాలంటే పూర్తిగా చెప్పాలన్నమాట అంది. ఆ సంగతి నాకు ఇరవయ్యేళ్ళలో తట్టలేదు.

ఆ యేడు కొత్త బొమ్మల కార్డులు వచ్చాయి. సముద్రం అవతల అచ్చువేయించారు. అవతలివాడికి అక్షరానికో జంతువు కావాలి, 'ర'కు వాడికి దొరికింది అదొక్కటే. బూడిదరంగులో, మీసాలతో, నవ్వుతూ, కిందంతా తోకే. కింద పెద్ద అక్షరాల్లో దాని మాంక్స్ పేరు. ఇంగ్లీషు పేరే అనలేని వాళ్ళం, దాని అసలు సిసలు పాతపేరు ఎలా అంటాం? నేనా కార్డును ఎప్పుడూ కట్ట అడుగున దాచేవాణ్ణి. ఒక గురువారం కార్డులు పంచే పని ఈలిష్‌కు ఇచ్చాను. ఆ పిల్ల ఏ పనైనా అడుగుదాకా చేసే రకం.

కార్డు పైకెత్తి చదివింది. తప్పుల్లేకుండా చదివింది. గొంతులోంచి దొర్లివచ్చే ఆ పాత 'ర' కోసం నేను రెండేళ్ళుగా ఆరుగురినీ బతిమాలుతున్నాను. అది మొదటిసారి ఆ గదిలో పలికింది ఆ మాటలోనే. మెచ్చుకోవాలో నోరు మూయాలో తెలియక, చెయ్యి దానంతటదే వెళ్ళి బల్లను ముట్టుకుంది, నోరు దానంతటదే ఈల వేసింది. పాతపేరుకూ ఈల ఉందని తెలియని పిల్లలు ఇది కూడా పాఠమే అనుకున్నారు. ఆరుగురూ బల్లను ముట్టుకుని ఈల వేశారు. మిగిలిన పావుగంటా ఈలే. పేరులోనే ఈల ఉన్న పిల్ల, పళ్ళ సందు కూడా తోడై, అందరికంటే గట్టిగా వేసింది. మా తరగతికి అంత బాగా వచ్చిన పాఠం అంతకుముందు లేదు.

పిల్లలకు నేను చెప్పనిది ఒకటుంది. ఈల నేలమీద మందు. పడవమీద అదే జబ్బు. పడవలో ఈల వేస్తే గాలిని పిలిచినట్టే. పీల్‌లో పుట్టిన పిల్లకు అది చెప్పాలని ఎవరికి తోస్తుంది? పడవలవాళ్ళు కూడా ఎవరూ చెప్పి నేర్పరు. ఈల వెయ్యొద్దని చెప్పాలంటే ఈల మాట ఎత్తాలి కదా.

ఈలిష్ తాత స్టాన్లీ క్రెబ్బిన్‌కు చిన్న పడవ ఉంది. పీతల బుట్టలు వేస్తాడు. శనివారం మనవరాలిని తీసుకెళ్ళాడు. రేవు చివరి కోట దాటేదాకా ఆ పిల్ల కనబడినదాన్నల్లా పేరు పెట్టి పిలిచిందట. సముద్రం కీన్, పడవ బేతె, నెత్తిమీద అరిచే పక్షి ఫోలన్. స్టాన్ ఆ 'ఫోలన్' విని, మా అవ్వ అలా అనేది కాదు, ఇలా అనేది అని సరిదిద్దాడట. అరవయ్యేళ్ళుగా తన నోట్లో ఆ మాట ఉందని ఆయనకే తెలియదు. ఇద్దరూ ఆ పక్షిని మార్చి మార్చి పిలుస్తూ కూర్చున్నారట. నా ఉద్యోగం మొత్తంలో నేను చూడాలనుకున్నది అదొక్కటే. అక్కడ నేను లేను.

ఎర వేసిన పెట్టెలో అది దాక్కుని ఉంది. మూత తీసేసరికి దూకింది. ఈలిష్ వేలు చూపించి, చక్కగా, గొంతులోంచి, దాని పేరు చెప్పింది. తాత మొహం చూసింది. తప్పు చేశానని అర్థమైంది. తప్పు చేస్తే ఏం చెయ్యాలో మాస్టారు నేర్పాడు కదా, పడవ చెక్కను ముట్టుకుని ప్రాణం పెట్టి ఈల వేసింది.

పేరు వినగానే వెనక్కి తిరిగిన తాత ఆ నోరు మూయడానికి ఒక్కసారి ముందుకు వంగాడు. చెయ్యి మాత్రం బుట్టల తాడును చుట్టే యంత్రం దగ్గరే ఉండిపోయింది.

గాలి రాలేదు. వచ్చుంటే బాగుండేది, నేరం గాలిమీదికి పోయేది. కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. భాషకు వేళ్ళు కావాలి, ఈ నేలలోకి దిగిన వేళ్ళు అని నేను సభల్లో అరుస్తూ ఉంటాను. ఆసుపత్రి కబురు విన్నప్పుడు ముందు నాకు తట్టింది ఆ శ్లేషే. ఎప్పుడూ నా శ్లేషకు ముందు నేనే నవ్వుతాను. ఆ రోజు నవ్వు రాలేదు.

తర్వాతి గురువారం చాపల మీద అయిదుగురే కూర్చున్నారు. ఈలిష్ లెక్కల్లో ఉంది. కిటికీలోంచి చూశాను, నోట్లో పెన్సిలు పెట్టుకుని బోర్డు వైపు చూస్తోంది. మిసెస్ కెర్మీన్ బాధపడ్డారు, వచ్చే వారందాకా ఆగుతానన్నారు, ఈలోగా ఇంకెవరినైనా చూసుకోమన్నారు. చూశాను. పీల్ చిన్న ఊరు, ఈ చివర తుమ్మితే ఆ చివర దీవిస్తారు. కబురు అందరికీ చేరింది. ఒక తల్లి చదరంగం బాగుంటుందంది. ఒక తండ్రి నవ్వుతూనే, మా ఇంట్లో కూడా పడవుంది మాస్టారూ అన్నాడు. ఇంక ఈలిష్ రావాలి, లేదా గది పోవాలి.

స్టాన్ దగ్గరికి వెళ్ళాను. వలలు పెట్టుకునే కొట్టు ముందు బెంచీమీద కూర్చుని ఎడమచేత్తో పొగచేప తింటున్నాడు. కుడిచెయ్యి తెల్లగా కట్టుకట్టి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు, వేరేవాళ్ళ బిడ్డను ఎత్తుకున్నట్టు.

"కూర్చో మాస్టారూ," అన్నాడు. "షేక్‌హ్యాండ్ అడక్కు. మొత్తం ఇవ్వలేను."

నవ్వాలి కాబట్టి నవ్వాను. దారంతా ఒక ఉపన్యాసం తయారు చేసుకుని వచ్చాను. మాట వేరు, ప్రమాదం వేరు, అది ఉత్త మాట, గాలిలో పుట్టి గాలిలో పోతుంది అని. మొదలుపెట్టకముందే ఆయన ముల్లు తీసి పక్కన పెట్టి నావైపు తిరిగాడు.

"బళ్ళో మీటింగు పెట్టావు గుర్తుందా, నన్ను మా అమ్మాయి లాక్కొచ్చింది. నువ్వు బల్ల గుద్ది చెప్పావు. ఈ సముద్రానికి ఇంగ్లీషు రాదు, మాంక్సే వచ్చు అన్నావు. ప్రతి మాటలో ప్రాణముంది అన్నావు."

అన్నాను. ప్రతి బళ్ళో అంటాను. చప్పట్లు కొడతారు.

"నేను నమ్మాను," అన్నాడు స్టాన్. "అది ఇంగ్లీషులో అనుంటే నేను వెనక్కి తిరిగేవాణ్ణి కాదేమో. తిట్టి ఊరుకునేవాణ్ణి. మా అవ్వ గొంతుతో అంది, అబ్బాయ్. అచ్చం మా అవ్వే వెనకనుంచి అన్నట్టుంది. ఇప్పుడు చెప్పు. అది ఉత్త మాటేనంటావా?"

ఉత్త మాటే అంటే, ఇరవయ్యేళ్ళుగా ఊరూరా నేను అమ్మింది ఉత్తదే. కాదంటే, ఆయన వేళ్ళు నా లెక్కలోకి వస్తాయి. మాట వల్ల ఏమీ కాదని చెప్పడానికి వచ్చినవాణ్ణి, ఎదురుగా కట్టు కనబడుతోంది. దెయ్యమో శాపమో అక్కర్లేదు. పిల్ల అంది, తాత తిరిగాడు. అంతే. మాట వల్లే అయింది.

జంతువుల పేర్లు మానేసి చెట్ల పేర్లు చెబుతానన్నాను. ఆయన వినిపించుకోలేదు. నామీద కోపం లేదన్నాడు, అది ఇంకా కష్టంగా ఉంది. ఇంట్లో పిల్ల మాట్లాడ్డం లేదన్నాడు. మాంక్స్ ఒక్కటే కాదు, ఏదీ. పాలు కావాలా అంటే తలూపుతుంది. నిద్రొస్తోందా అంటే తలూపుతుంది. నోరు తెరిస్తే ఏం జరుగుతుందోనని.

"నేను చెప్పాను దానికి, నీ నోటికీ నా చేతికీ సంబంధం లేదని," అన్నాడు. "నమ్మలేదు. చెబుతున్న నేనే నమ్మట్లేదని దానికి తెలుసు. చిన్నపిల్ల కదా, మొహం చదువుతుంది. నువ్వు చెప్పు మాస్టారూ. చదువుకున్నోడివి. నీ మాట వింటుంది. అది వస్తానంటే నేను ఆపను."

పిల్ల రేవు గోడమీద, కొట్టుకు ఆ చివర కూర్చుని ఉంది. నేను బొనాగ్ రొట్టె తెచ్చాను, జామ్ రాసి. ఇద్దరి మధ్య పెట్టాను. పోటు బాగా ఎక్కింది, నీళ్ళు గోడ అంచుకు దగ్గరగా ఉన్నాయి. తాత పడవ మా కాళ్ళ కిందే కట్టి ఉంది. మూడు నాలుగు పడవలు ఇంకా రావాల్సి ఉంది, కోట దాటి దూరంగా చుక్కల్లా కనబడుతున్నాయి.

చెప్పాల్సిందంతా చెప్పాను. ఒక్క శ్లేష లేకుండా, ఇంత చిన్న గొంతుతో చెప్పాను. మాట అంటే ఊపిరి తల్లీ అన్నాను. నువ్వు ఊదిన ఊపిరికి ఎవరి వేలూ తెగదు అన్నాను. ఆ యంత్రం పాతది, తాడు తడిసింది, తాత తొందరపడ్డాడు. నువ్వు బాగా చదివావు, ఇన్నాళ్ళలో ఎవరూ అంత బాగా చదవలేదు. అది ఉత్త మాట.

చెప్పేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇరవయ్యేళ్ళ సరుకు ఆ గోడమీద పారబోసినా, పిల్ల తేరుకుంటుందేమో, గురువారం ఆరుగురమవుతామేమో అని ఆశ.

ఈలిష్ రొట్టె ముక్కను చాలాసేపు నమిలింది. తర్వాత మాంక్స్‌లో అడిగింది, చిన్నగా, ఆ ప్రమాదం తర్వాత తను మాట్లాడిన మొదటి మాట.

"మీరు దాన్ని అంటారా సార్?"

పిల్ల మాట్లాడింది. మా భాషలోనే మాట్లాడింది. ప్రశ్న కూడా తప్పుల్లేకుండా వేసింది. సంతోషంలో ఆ ప్రశ్న ఎక్కడికి పోతోందో చూసుకోలేదు. మా భాషలో అవును లేదు కదా, తలూపితే కుదరదు కదా, మాస్టారు కాబట్టి మంచి క్రియతో, పూర్తి వాక్యంగా జవాబిచ్చాను.

"అంటాను."

ఆ పిల్ల ఎదురుచూస్తూ కూర్చుంది.

నోరు తెరిచాను. ఏముంది, రెండక్షరాల మాట. నాలుక ఎక్కడ పెట్టాలో, గొంతు ఎక్కడ దొర్లించాలో నాకంటే బాగా ఈ దీవిలో ఎవరికీ తెలియదు. పైన ఫోలన్‌లు అరుస్తున్నాయి. కాళ్ళ కింద స్టాన్ పడవ తాడు బిగిసి, సడలి, బిగిసింది. దూరాన ఉన్న పడవల్లో ఒకటి మా చెల్లెలి కొడుకుది. అది నాకు అప్పుడు గుర్తుకు రావాల్సిన పని లేదు. గుర్తొచ్చింది. ఊపిరి పీల్చాను. ఆ 'ర' పెదాల దాకా వచ్చి నిలబడింది, బడికి రానని మారాం చేసే పిల్లాడిలా. లాగాను. రాలేదు. కొట్టు ముందు స్టాన్ తినడం ఆపి ఇటే చూస్తున్నాడు.

"పొడుగుతోక," అన్నాను.

ఈలిష్ నవ్వలేదు. ఏడవలేదు. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడేవాళ్ళు చూసినట్టు నా మొహంలోకి చూసింది. తర్వాత కిందికి వంగి, గోడకు దిగేసిన పాత చెక్క దుంగను వేలి కొసతో ముట్టుకుంది. తన కోసం కాదు. నా కోసం.

"ఫర్లేదు సార్," అంది ఇంగ్లీషులో. "నేనెవరికీ చెప్పను."

గోడ దిగి, చేతికంటిన జామ్ గౌనుకు తుడుచుకుంది. వెళ్ళబోతుంటే ఆపి, మాంక్స్‌లోనే అడిగాను, గురువారం వస్తావా అని. జవాబు ఎలా ఇవ్వాలో నేనే నేర్పాను. వస్తాననాలి, లేదా రాననాలి. రెండిట్లో ఏదన్నా మా భాషే అవుతుంది, రానన్నా నాకు సగం వచ్చినట్టే. పిల్ల తాతవైపు చూసింది, ఆయన ఒళ్ళోని తెల్లటి కట్టువైపు చూసింది. మా భాషలో దొరకని ఆ ఒక్క మాట కోసం పక్క భాషలోకి వెళ్ళింది.

"నో, సార్," అంది.

వెళ్ళి అక్కడే ఉండిపోయింది.